బిలియర్డు గుడ్డ వేస్టుకోటు

అషిల్ వాతబ్లే పేరు మీరు విని ఉండరు. ముఖం చూస్తే మాత్రం "ఓ, ఈయనా!" అంటారు. పారిస్‌లో అందరూ అలాగే అనేవారు. మా వీధి మాంసం కొట్టు యజమాని ఆయన కనబడినప్పుడల్లా "మీరు మా ఆవిడ తరఫు బంధువులు కదూ, ఏదో పెళ్ళిలో కలిశాం" అనేవాడు. అషిల్ ఎప్పుడూ కాదనలేదు. "అవునవును, ఆవిడ కులాసాయేనా?" అని అడిగి, బంధువుల లెక్కలో ఇంకో రెండు సాసేజీలు వేయించుకుని వచ్చేవాడు. ట్రాఫిక్ పోలీసులు ఆయనకు సెల్యూట్ కొట్టేవారు, ఏ సినిమాలోనో ఇన్‌స్పెక్టరు వేషం వేసినందుకు.

తొంభై మూడు సినిమాలు. నాటకాలు ఎన్నో ఆయనకే తెలియదు. జైలు వార్డరు, పోస్టుమాను, హోటల్లో వడ్డించేవాడు, సమాధులు తవ్వేవాడు, పల్లెటూరి డాక్టరు. తలుపు తీసే మనిషి ఈయనే, తలుపు తీస్తే లోపల శవమై పడి ఉండే మనిషీ ఈయనే. "హంతకుడెవరో తెలిసేదాకా నన్ను ఒక్కసారైనా బతకనివ్వలేదమ్మాయ్" అని నాతో అంటుండేవాడు.

నేను క్లొతిల్డ్‌ని. బులెవార్డు మీది మా థియేటర్లో ముప్పై ఏళ్ళు నటులకు బట్టలు తొడిగాను. కుట్టాను, ఉతికాను, ఇస్త్రీ చేశాను, వాళ్ళ ఏడుపులు విన్నాను. నాకు ముక్కు మీద కోపమని పేరు. ఉండనీండి. అషిల్‌ని "చిన్న వేషాలవాడు" అన్నవాళ్ళ మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

వేషం ఎంత చిన్నదైనా ఆయన పద్ధతి ఒకటే. ఆ మనిషి పొద్దున్నే ఏం తిని ఉంటాడా అని ఆలోచించేవాడు. అది తిని వచ్చేవాడు. సమాధులు తవ్వేవాడి వేషం వేసిన నాలుగు నెలలూ ఉప్పుచేప, పచ్చి ఉల్లిపాయ తిని వచ్చాడు. ఆయన మీద పడి ఏడవాల్సిన హీరోయిన్ ముక్కు మూసుకుని ఏడ్చేది. మేనేజరుకు ఫిర్యాదు చేస్తే అషిల్ ఎంతో మర్యాదగా "అమ్మా, చచ్చినవాళ్ళెవరూ ఇప్పటిదాకా అభ్యంతరం చెప్పలేదు" అన్నాడు. స్టేజీ మీద ఆయన కనబడేది ఒకటిన్నర నిమిషం. ఆ ఒకటిన్నర నిమిషానికి ఆయన నాలుగు నెలలు ఉల్లిపాయలు తిన్నాడు. హీరోలు ఒక్కరైనా తిన్నారా?

ఇక మా థియేటరువాళ్ళ భయాల గురించి చెప్పాలి, లేకపోతే కథ ముందుకు నడవదు. మా దగ్గర ఎవరికీ శుభం పలకకూడదు. స్టేజీ ఎక్కబోయేవాడి చెవిలో "పెంట!" అనాలి. వాడు బదులు పలకకూడదు. పొరపాటున "థాంక్స్" అన్నాడా, అదృష్టం అక్కడికక్కడే పోయినట్టు. అన్నిటికన్నా పెద్ద భయం ఆకుపచ్చ రంగు. ఆకుపచ్చ బట్ట స్టేజీ ఎక్కితే నాటకం చస్తుంది, నటుడూ చస్తాడు. ఎందుకని నన్నడగొద్దు. పూర్వం ఆ రంగులో విషం కలిసేదంటారు. నా దారాల పెట్టెలో నలభై రంగులుండేవి, ఆకుపచ్చ ఒక్కటి తప్ప. నాకు పని నేర్పిన ముసలావిడ పెట్టెలోనూ లేదు.

అలాంటిది, 1931లో నేను పనిలో చేరిన మొదటి వారం. నాకు పంతొమ్మిదేళ్ళు. అషిల్‌కి జైలు వార్డరు వేషం. భుజం దగ్గర బిగుతుగా ఉందంటే చూద్దామని కోటు గుండీలు విప్పాను. లోపల చేతుల్లేని ముదురు ఆకుపచ్చ వేస్టుకోటు. కెవ్వుమన్నాను.

"అరవకు. అరిస్తే నా వేషం పోతుంది. చూసినందుకు నీ ఉద్యోగమూ పోతుంది" అన్నాడు అషిల్, చాలా తీరిగ్గా.

"అది... మీ ఒంటి మీద..."

"వేస్టుకోటు. కరవదు. ముట్టుకుని చూడు."

నేను ముట్టుకోలేదు. ఆయనే కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"మాది రూబే. మా అమ్మ జెలీ అక్కడ మిల్లులో మగ్గం మీద పనిచేసేది. బిలియర్డు బల్లల మీద పరుస్తారే, ఆ గుడ్డ నేసే మిల్లు. మిగిలిపోయిన ముక్కలు పనివాళ్ళకిచ్చేవాళ్ళు. నేను పారిస్ పోయి నటుణ్ణవుతానంటే వీధి వీధంతా పగలబడి నవ్వింది. మా అమ్మ నవ్వలేదు. పదకొండు ఆదివారాలు కూచుని ఇది కుట్టి, తొడిగి, రాజాలా ఉన్నావురా అంది. అదేసుకుని ఇక్కడ మొదటి ఆడిషన్‌కెళ్ళా. నోరు తెరవకముందే ఒకాయన లేచి 'గెంటండి వీణ్ణి, మమ్మల్ని చంపడానికొచ్చాడు' అన్నాడు. నిజంగా మెడ పట్టి గెంటారు. ఎందుకు గెంటారో తెలియడానికి నాకు వారం పట్టింది."

"తెలిశాకైనా మానేయచ్చుగా?"

"ఎందుకు మానాలి? నా గొంతు వినలేదు, నా నడక చూళ్ళేదు. మా అమ్మ పదకొండు ఆదివారాల్ని చూసి గెంటారు. ఆ రోజే ఒట్టేసుకున్నా, ఇది లేకుండా స్టేజీ ఎక్కనని. పదకొండేళ్ళైంది. ఏ థియేటరూ తగలబడలేదు. ఏ హీరోకీ కాలు విరగలేదు. అది మాత్రం కొంచెం బాధే అనుకో."

నేను ఎవరికీ చెప్పలేదు. అలాగని ధైర్యవంతురాలినీ కాదు. దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కునేదాన్ని. కుట్లు ఊడితే నల్లదారంతో వేసేదాన్ని. "ఆకుపచ్చ గుడ్డకి నల్లదారమేంటమ్మాయ్, చావుకి కట్టినట్టు" అని ఆయన ఎగతాళి చేసేవాడు. "నా పెట్టెలో ఆ రంగు ఉండదు, మీకు తెలుసు" అనేదాన్ని. ముప్పై ఏళ్ళు ఇదే మాట, ఇదే జవాబు. ఆయన స్టేజీ ఎక్కేముందు నేను "పెంట!" అనేదాన్ని. ఆయన ఒక్కసారీ బదులివ్వలేదు. అంత మొండివాడు కూడా ఆ ఒక్క నియమం నా కోసం పాటించేవాడని నాకు తెలుసు.

1961కి వద్దాం. అషిల్‌కి అరవై ఒకటి. సినిమా వాళ్ళు పిలవడం మానేశారు. అప్పుడే వచ్చిన కుర్ర దర్శకులు వీధుల్లో కెమెరా పెట్టి, పోయేవాళ్ళనే పట్టుకుని నటింపజేస్తున్నారు. "నలభై ఏళ్ళు కష్టపడి వీధిలో పోయేవాడిలా నటించడం నేర్చుకున్నా. ఇప్పుడు వాళ్ళకి వీధిలో పోయేవాడే కావాల్ట" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకు మిగిలింది మా థియేటర్లో ఒక్క వేషం, జోజెఫ్ అనే ముసలి నౌకరు.

నాటకంలో హీరో తన తమ్ముడి వీలునామాని చింపి పొయ్యిలో వేస్తాడు. ఎవరూ చూడలేదనుకుంటాడు. మూడో అంకంలో జోజెఫ్ అయ్యగారి కోటు చేతి మీద వేసుకుని వస్తాడు, ఇల్లు చలిగా ఉందనీ పొయ్యిలో బూడిద ఎక్కువైందనీ మామూలు మాటలే మాట్లాడుతూ, తాను చూశానని తెలియజేస్తాడు. ఇరవై రెండు డైలాగులు. అషిల్ వాటిని ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పేవాడు. ఆయన వెళ్ళిపోతుంటే జనం చప్పట్లు కొట్టేవారు. అదే ప్రాణం మీదికి తెచ్చింది.

హీరో ఫాబ్రిస్ మోంజెల్. నలభై ఐదేళ్ళు, మంచి పొడగరి, పోస్టరు మీద పేరు అందరికన్నా రెండింతలు ఉండాలి. చప్పట్లంటే అన్నీ తనకే రావాలి. ఉత్తినే వస్తాయా, ఇంకొకడి నోట్లోంచి లాక్కోవాలి. మొదటి నెల తర్వాత చీటీలు మొదలయ్యాయి. మా స్టేజీ మేనేజరు బస్త్యాన్ చీటీ తెచ్చి, తన బూట్ల వంక చూస్తూ నిలబడేవాడు.

"పెద్దాయనా, ఈ మూడు డైలాగులూ తీసేయమన్నారు. సీను సాగుతోందట."

"అలాగే" అనేవాడు అషిల్.

ఇరవై రెండు పద్నాలుగైంది. పద్నాలుగు ఆరైంది. ఆరు ఒకటైంది. చివరికి ఆ ఒక్కటీ పోయింది. అయినా ఆ కోటు పట్టుకుని, మాట్లాడకుండా, అయ్యగారి వంక ఒక్క చూపు చూసి ఆయన వెళ్ళిపోతుంటే చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. ఇంకా గట్టిగా మోగాయంటే మీరు నమ్మరు. శుక్రవారం బస్త్యాన్ ఇంకో చీటీ తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం ఆటే జోజెఫ్‌కి ఆఖరు. మంగళవారం నుంచి నౌకరు ఉండడు, తెర వెనక గంట మోగుతుంది. ఊళ్ళు తిరిగే టూరులోనూ అంతే.

బస్త్యాన్ వెళ్ళాక అషిల్ అద్దం ముందు కూర్చున్నాడు.

"గంటట అమ్మాయ్. నా బదులు గంట" అన్నాడు. "ఇది పోతే నాకింకేం లేదు. బతిన్యోల్‌లో ఒక గది, కిటికీ తెరిస్తే ఎదుటివాళ్ళ గోడ. పొద్దున్నే ఏం తినాలో కూడా నాకు తెలీదు. నా తిండి నేను తిని నలభై ఏళ్ళైంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకు నోట్లో నాలుక లేదా? ఒక్కసారైనా తిరగబడరేం?" అని అరిచాను.

ఆయన నా వంక అద్దంలోంచి చూశాడు.

ఆదివారం, మూడు గంటల ఆట. హాలు నిండింది. మూడో అంకానికి ముందు నేను నౌకరు కోటు పట్టుకుని నిలబడ్డాను. ఆయన చేతులు చాపలేదు.

"కోటొద్దు. ఇలాగే వెళ్తా."

ఒంటి మీద చొక్కా, దాని మీద ఆకుపచ్చ వేస్టుకోటు. ఫాబ్రిస్ ఈ రంగు విషయంలో మా అందరికన్నా నాలుగాకులు ఎక్కువ చదివాడు. జడకి ఆకుపచ్చ రిబ్బను కట్టుకొచ్చిందని ఒక పిల్లని పనిలోంచి తీయించాడు. ఏడాదికోసారి నా చేత ప్రమాణం చేయించేవాడు, ఈ మేడలో ఆ రంగు దారపుపోగు కూడా లేదని. నేను ఏటా అబద్ధపు ప్రమాణం చేశాను.

"మధ్య గుండీ ఊడేలా ఉంది, బిగించు" అన్నాడు అషిల్. "ఇవాళ అందరూ చూస్తారు."

"ఆకుపచ్చ దారం లేదు. ఆదివారం కొట్లూ లేవు."

"నల్లదే వెయ్. చావుకేగా."

వేశాను. సూది రెండుసార్లు గుచ్చుకుంది. "పెంట!" అన్నాను. ఆయన తలూపి వెళ్ళాడు.

స్టేజీ మీద ఫాబ్రిస్ ఒక్కడే, పొయ్యి దగ్గర నిలబడి పెద్ద ప్రసంగం చేస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. ఫాబ్రిస్ తల తిప్పాడు. చూశాడు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. రంగు పూసిన ముఖం మీద కూడా తెలుపు కనబడింది. మాట రాలేదు. తర్వాతి మాటా రాలేదు. మరిచిన మాట అందించడానికి ప్రాంప్టరూ లేడు. నాలాంటివాడికి ప్రాంప్టరా అని ఫాబ్రిసే కిందటేడు అతన్ని పంపించేశాడు.

నేను తెర పక్కన నిలబడి తెలిసిన సెయింట్లందరికీ మొక్కుతున్నాను. హాల్లో ఎవరూ దగ్గలేదు. జనానికి అదంతా నాటకమే. అయ్యగారు నౌకర్ని చూసి నిలువునా నీరైపోతున్నాడు, అంతే. నాలుగు నెలలుగా ఫాబ్రిస్ ఆ భయం నటించాలని తంటాలు పడ్డాడు. ఆ మధ్యాహ్నం మొదటిసారి నిజంగా భయపడ్డాడు.

అప్పుడు అషిల్ నోరు తెరిచాడు. మొదటి డైలాగుతో మొదలుపెట్టాడు, చీటీల్లో కొట్టేసిన మొదటి డైలాగుతో. ఇల్లు చలిగా ఉందన్నాడు. పొయ్యిలో బూడిద ఎక్కువైందన్నాడు. ఫాబ్రిస్ అడగాల్సిన ప్రశ్నల్ని కూడా తానే "ఎందుకంటారేమో" అని కలుపుకుంటూ, తొందరలేకుండా ఇరవై ఒక్కటీ చెప్పాడు. ఇరవై రెండోది చెబుతూ, చేతి మీదున్న అయ్యగారి కోటు తెరిచి పట్టాడు.

"కోటు వేసుకోండి అయ్యగారూ. మీరు వెళ్ళే చోట చలి ఎక్కువ."

ఫాబ్రిస్ చంటిపిల్లాడిలా చేతులు దూర్చాడు. కాలరు సర్దుతూ అషిల్ అతని చెవిలో ఏదో అన్నాడు. జనానికి వినబడలేదు, తెర పక్కనున్న నాకు వినబడింది. ఫాబ్రిస్ మరిచిపోయిన మాట అందిస్తున్నాడు. నేనైతే అందించేదాన్ని కాదు. ఆయన అందించాడు. తర్వాత వెనక్కి తిరగకుండా నడిచి వచ్చేశాడు. హాలు లేచి నిలబడింది. మూడు నిమిషాలు నాటకం ఆగింది.

తెర పడగానే వరండాలో రభస. ఫాబ్రిస్ రంగు తుడుచుకోకుండానే వచ్చి అషిల్ మీద పడ్డాడు.

"కాల్చెయ్! నా కళ్ళముందే బాయిలర్లో వేసి కాల్చెయ్ దాన్ని! నన్ను చంపడానికేసుకొచ్చావా, ముసలి పీనుగా!"

థియేటరు యజమానురాలు మదామ్ సొలాంజ్ సిగరెట్ పట్టుకుని మధ్యకొచ్చింది. ఆవిడకు కోపం రాదు, ఆలోచనే వస్తుంది.

"ఫాబ్రిస్, అరవకు. ఇంత బాగా నువ్వెప్పుడూ చెయ్యలేదు. ఒక్క ముక్క మాట్లాడకుండా" అంది. తర్వాత అషిల్ వైపు తిరిగింది. "చూడు పెద్దాయనా. ఇరవై రెండు డైలాగులూ మళ్ళీ నీవే. టూరుకీ నువ్వే. ఫాబ్రిస్ చేత నేనొప్పిస్తా. ఆ గుడ్డని బాయిలర్లో పడేసి, అందరి ముందూ తప్పైపోయిందని ఒక్క మాట అను. చాలు."

బస్త్యాన్, తెరలాగేవాళ్ళు, మేకప్ పిల్లలు, అందరూ మూగారు. నేను అషిల్ ముఖం చూస్తున్నాను. ఆ ఇరవై రెండూ ఆయనకు ఏమిటో అక్కడ నా ఒక్కదానికే తెలుసు. ఒప్పుకోండి అని నా మనసులో అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. బాయిలర్లోకి నేనే విసిరేదాన్ని ఆ క్షణాన.

"కుదరదు మదామ్" అన్నాడు అషిల్.

"ఒక పాత గుడ్డ కోసమా?"

"ఫాబ్రిస్, ఇటు చూడు. నలభై తొమ్మిదిలో నువ్వు మొదటిసారి ఈ స్టేజీ ఎక్కావు. ఉత్తరం అందించే వేషం. నీ పక్కన నిలబడ్డ వంటవాడెవరు?"

ఫాబ్రిస్ మదామ్ వంక చూశాడు.

"నేనే. యాభై మూడులో నీ పేరు మొదటిసారి పోస్టరెక్కింది. ఆ నాటకంలో నిన్ను అరెస్టు చేసిందెవరు? నేనే. యాభై ఏడులో మూడొందల ఆటలాడి నిన్ను హీరోని చేసిన నాటకం ఉంది చూడు, అందులో రోజూ నీ భుజం మీద చెయ్యేసి నడిపించిన డాక్టరెవరు? ఆ మూడింట్లోనూ ఇది నా ఒంటి మీదే ఉంది. నీకూ దీనికీ మధ్య ఒక్క కోటుగుడ్డ అడ్డం. నీ అదృష్టం పాడైందేమో నువ్వే లెక్కేసుకో."

ఫాబ్రిస్ నిజంగానే వేళ్ళు మడిచి లెక్కేశాడు. నలభై తొమ్మిది, యాభై మూడు, యాభై ఏడు. లెక్కేస్తున్నకొద్దీ అతని ముఖం మారింది. కోపం పోయింది. దాని స్థానంలో ఇంకో భయం వచ్చి కూర్చుంది.

"అయితే..." అన్నాడు. "అయితే కాల్చొద్దు. అషిల్, కాల్చొద్దు! మదామ్, కాంట్రాక్టులో రాయించండి, రోజూ వేసుకోవాలని. పైన కోటు వెయ్యి, వెయ్యకపో, నీ ఇష్టం. అది మాత్రం ఉండాలి. ఇరవై రెండేంటి, ముప్పై చెప్పుకో!"

తెరలాగేవాళ్ళు కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. గెలిచేశాం అనుకున్నాను. ముప్పై ఏళ్ళ పరిచయంలో అషిల్‌కి కోపం రావడం నేనప్పుడే మొదటిసారి చూశాను.

"ఉప్పుచేపలు తిన్నది నేను" అన్నాడు. గొంతు పెంచలేదు, కానీ నవ్వులు ఆగిపోయాయి. "ఆ వంటవాడు ఏ కాలితో కుంటాలో నెల్లాళ్ళు ఆలోచించింది నేను. ఇవాళ నీకు మాటందించింది నేను. నీకు కనబడింది గుడ్డ. ఆ రోజు నన్ను గెంటినాయనకీ గుడ్డే కనబడింది. నువ్వు ఉంచుకుంటానంటున్నావు, ఆయన గెంటాడు, అంతే తేడా."

గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. వేస్టుకోటు మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇది మా అమ్మది. నువ్వు తాయెత్తుగా కట్టుకోడానికి కాదు. ఇక నేను దీన్ని స్టేజీ మీద వేసుకోను. నా డైలాగులు నాకిస్తే మంగళవారం వస్తా, ఉత్త చొక్కాతో. ఇవ్వకపోతే గంట మోగించుకోండి."

"అది లేకుండా నేను నీతో స్టేజీ ఎక్కను!" అన్నాడు ఫాబ్రిస్.

"ఇందాక అదుంటే చస్తానన్నావు. ముందు నీలో నువ్వు తేల్చుకో, నాయనా."

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను వెనకాలే పరుగెత్తి, మెట్ల దగ్గర పట్టుకుని తిట్టాను. చేతికొచ్చిన వేషాన్ని కాలదన్నుకున్నారన్నాను. మొండి ఘటమన్నాను. ఆయన విన్నంతసేపు విని "తిట్టడం అయ్యాక అది ఉతికిపెట్టు" అని వెళ్ళిపోయాడు.

సోమవారం మాకు సెలవు. నేను దారాల కొట్టుకు వెళ్ళాను. కొట్టావిడ నన్ను ఇరవై ఏళ్ళుగా ఎరుగును.

"ఏం కావాలి క్లొతిల్డ్? నల్లదా, తెల్లదా?"

"ఆకుపచ్చ."

ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూసింది. "జ్వరమొచ్చిందా?"

"రాలేదు. ముదురు ఆకుపచ్చ ఇవ్వు. రెండు ఉండలు."

ఇంటికొచ్చి ముప్పై ఏళ్ళ నల్లకుట్లన్నీ విప్పాను. ప్రతి కుట్టూ గుర్తుంది, ఏ నాటకంలో ఊడిందో, ఏ వేషంలో తెగిందో. లోపలి అంచున ఆవిడ కుట్లు, జెలీవి, ఒక్కటీ సడలలేదు. వాటి పక్కనే నావి వేశాను. పూర్తయ్యాక చేతులు కడుక్కోలేదు.

మంగళవారం అషిల్ సాయంత్రం ఆరింటికే వచ్చాడు. వేషం ఉందో లేదో తెలియదు. అయినా జోజెఫ్ తినే చద్ది సూపు, రొట్టె తినే వచ్చాడు. చొక్కాతో అద్దం ముందు కూర్చున్నాడు. ఏడున్నరకు మదామ్ సొలాంజ్ తలుపు దగ్గరికొచ్చింది.

"ఇరవై రెండు" అంది.

"వేస్టుకోటు లేకుండా?" అన్నాడు అషిల్.

"ఆదివారం చప్పట్లు కొట్టినవాళ్ళలో బట్టల వ్యాపారులెవరూ నాకు కనబళ్ళేదు" అంది మదామ్. "ఫాబ్రిస్ ఎక్కనంటే ఇంకొకణ్ణి ఎక్కిస్తానని చెప్పా. ఎక్కుతాడులే, వణుక్కుంటూ." సిగరెట్ బూడిద మా నేల మీదే రాల్చి వెళ్ళిపోయింది.

మూడో అంకం దగ్గరపడింది. తెర పక్కన నౌకరు కోటు తొడిగితే ఆయన దాన్ని ఒంటికి దగ్గరగా లాక్కున్నాడు.

"చలేస్తోందమ్మాయ్. నలభై ఒక్క ఏళ్ళు. లోపలంతా ఖాళీగా ఉంది."

"ఇప్పుడైనా వేసుకుంటారా?"

"వేసుకోను."

సరే అన్నాను. నా నల్ల అంగీ విప్పాను. లోపల నేనే వేసుకునున్నాను దాన్ని. ఆయనేమో పీచులా ఉండేవాడు, నేనేమో బొద్దు మనిషిని. ఒక్క మధ్య గుండీ పట్టింది, అదీ ఊపిరి బిగబడితే. అషిల్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. పక్కనున్న బస్త్యాన్ చేతిలోని పుస్తకం కింద పడేసుకున్నాడు. స్టేజీ మీంచి ఓరగా ఫాబ్రిస్ కూడా చూశాడు. సంతోషించాలో చావాలో తెలియక పాపం అతని చెయ్యి దానంతటదే శిలువ గీసుకుంది.

"నీకు భయం లేదా?" అన్నాడు అషిల్.

"ఉంది. చచ్చేంత ఉంది. అయితే ఏం?"

నా కుట్లను వేలితో తడిమి చూశాడు. ఆకుపచ్చ గుడ్డ మీద ఆకుపచ్చ దారం. పక్కన బస్త్యాన్ చెయ్యి ఎత్తాడు, ఆయన వెళ్ళాల్సిన వేళైంది. నేను చెవి దగ్గరికి వంగి, ముప్పై ఏళ్ళుగా అన్నట్టే "పెంట!" అన్నాను.

అషిల్ తలుపు పిడి మీద చెయ్యి వేసి, తిరిగి నా ముఖంలోకి చూశాడు.

"థాంక్స్, క్లొతిల్డ్" అన్నాడు.

అదృష్టం తెచ్చే గుడ్డ లేదు, దురదృష్టం తెచ్చే మాట అనేశాడు. ఇక ఆయన దగ్గర తనకొచ్చిన పని తప్ప ఏమీ లేదు. తలుపు తీసుకుని వెళ్ళాడు. నేను తెర పక్కన ఊపిరి బిగబట్టి, వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఇరవై రెండూ చెప్పాడు.